‘మా దగ్గర లొల్లే ఉండదు సార్’: చిన్న యూనిట్లలో అపోహలు, వాస్తవాలు

వరంగల్ చుట్టుపక్కల చిన్న యూనిట్ల లెక్కలు చూడటం నా పని. కొత్తగా ఏం చేస్తున్నారని అడిగితే చాలాచోట్ల ఒకటే జవాబు: ‘మా అన్నదమ్ములందరిదీ ఒక్కటే మాట సార్, లొల్లే ఉండదు.’

అపోహ: అందరిదీ ఒకే మాటైతేనే యూనిట్ ముందుకెళ్తుంది.

వాస్తవం: రోజువారీ పనికి ఒకే మాట మంచిదే. కొత్తది ఆలోచించాల్సి వచ్చినప్పుడే చిక్కు. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కారంపొడి యూనిట్ ఉంది. ముగ్గురన్నదమ్ములూ మిర్చి కొనడంలో దిట్టలు, కాయ విరిచి చూసి తేమ ఎంతుందో చెప్పేస్తారు. అమ్మకం మాత్రం ముగ్గురిలో ఎవరికీ రాదు. చపాటా మిర్చి వాళ్లకు తలనొప్పి. రంగు ఎక్కువ, కారం తక్కువ. ఘాటు కోసం తేజ రకం మిర్చి కలిపి అమ్మేవారు. పెద్దాయన కోడలు పెళ్లికి ముందు పచ్చళ్ల షాపులో పనిచేసింది. ఒకరోజు చపాటా గురించి మీటింగ్ జరుగుతుంటే ఆమె లోపలికి వచ్చింది టీ ఇవ్వడానికే. ‘పచ్చళ్లోళ్లకు కావాల్సింది ఆ రంగే కదా మామయ్యా’ అంది. మూడు నెలల్లో ఉత్త చపాటా పొడి వేరే ప్యాకెట్‌లో వచ్చింది. 2025లో చపాటాకు జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిదని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. (ఆ ముద్ర వేసుకోవాలంటే ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే ఆ పేరు వాడే అనుమతి ఉన్నవారిగా, నమోదు కావాలి, మర్చిపోకండి.)

వేరే మాట వినిపించడానికి భార్య పేరు పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో (భాగస్వామ్య పత్రంలో) ఉంటే చాలనేది ఇంకో అపోహ. చెక్కుల మీద సంతకం పెట్టే ఆవిడకు సరుకు ధర తెలియని యూనిట్లు చూశాను. ‘మహిళా డైరెక్టర్ తప్పనిసరట’ అని టెన్షన్ పడేవాళ్లకు: 2013 కంపెనీల చట్టం కింద ఆ నిబంధన లిస్టెడ్ కంపెనీలకు, పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు కట్టిన మూలధనం) 100 కోట్లు లేదా అంతకు మించి, లేదా టర్నోవర్ 300 కోట్లు లేదా అంతకు మించి ఉన్న పబ్లిక్ కంపెనీలకే. మీ ప్రైవేట్ లిమిటెడ్‌కు కాదు. వాట్సాప్ ఫార్వర్డ్ చూసి రాత్రి పదింటికి ఫోన్ చేయకండి.

బయటి మనిషి వస్తే ఇంట్లో చీలిక వస్తుందన్న భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. వయసు, చదువు, కుటుంబం మూడింటిలోనూ ఒకవైపు ఇంటివాళ్లు, ఇంకోవైపు బయటివాళ్లుగా ఒకే గీత దగ్గర విడిపోతే ‘వాళ్లు, మనం’ మొదలవుతుంది. అందుకే ముందు ఒక్క ప్రొడక్టు, చిన్న బడ్జెట్, దాని లెక్కలన్నీ ఆ మనిషి చేతిలో పెట్టమంటాను.

ఇది తప్పు చేశాకే తెలిసింది. హనుమకొండలో ఒక రైస్ మిల్లులో ఎంబీఏ చదివిన కుర్రాణ్ని పెట్టించాను. కుర్చీ ఇచ్చారు, లెక్కలు చూపించలేదు. ఆర్నెల్లకు వెళ్లిపోయాడు. నూకలతో ఇడ్లీ రవ్వ చేద్దామని రాసిచ్చిన కాగితం ఇంకా ఓనర్ డ్రాయర్‌లోనే ఉంది. మొన్న కలిసినప్పుడు ఆయనే అడిగారు, ‘ఆ పిల్లగాడు ఇప్పుడెక్కడున్నడు సార్?’