ఎంజీఎంటీ మిథైలేషన్ రిపోర్టు: అపోహలు – వాస్తవాలు

గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ కణితిపై కీమో మందు ఎంత బాగా పనిచేయవచ్చో సూచించే ఎంజీఎంటీ మిథైలేషన్ పరీక్ష రిపోర్టులపై సంతకం చేయడం నా రోజువారీ పని. రిపోర్టు అందుకున్న కుటుంబాలు ఆంకాలజిస్టును కలవకముందే నాకు ఫోన్ చేసి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "అన్‌మిథైలేటెడ్ అని వచ్చింది డాక్టరుగారూ, ఇంకెన్ని నెలలు?"

అపోహ: అన్‌మిథైలేటెడ్ అని వస్తే ఇక వైద్యం దండగ.

వాస్తవం: టెమోజోలమైడ్ అనే కీమో మందు కణితి డీఎన్‌ఏలోని గ్వానిన్ అనే భాగానికి మిథైల్ అనే చిన్న రసాయన గుంపును తగిలించి కణాన్ని దెబ్బతీస్తుంది, ఎంజీఎంటీ ప్రోటీను ఆ గుంపును తొలగించి దెబ్బను సరిచేస్తుంది. ఆ ప్రోటీనును తయారుచేసే జన్యువుకు స్విచ్చులాంటి భాగం (ప్రమోటర్) మిథైలేట్ అయితే, అంటే దానికే మిథైల్ గుంపులు అంటుకుని ఉంటే, ప్రోటీను తగ్గి, మందు బాగా పనిచేస్తుంది. 2005లో 206 మంది కణితులను పరీక్షించిన అధ్యయనంలో 45 శాతం మిథైలేటెడ్‌గా తేలాయి. వారిలో రేడియేషన్‌తో పాటు మందు తీసుకున్నవారి మధ్యగత జీవితకాలం 21.7 నెలలు, రేడియేషన్ మాత్రమే తీసుకున్నవారిది 15.3 నెలలు, అన్‌మిథైలేటెడ్ వారిలో ఇవి 12.7, 11.8 నెలలు. వీరికి మందు వల్ల కలిగే లాభం తక్కువేనన్నది నిజం, దాన్ని నేను దాచను. అయినా మందు కూడా తీసుకున్న అన్‌మిథైలేటెడ్ రోగుల్లో 13.8 శాతం మంది రెండేళ్లు దాటారు. మధ్యగతం అంటే సగం మంది అంతకంటే ఎక్కువ కాలం బతికారని అర్థమే తప్ప, అది ఏ ఒక్కరికీ పెట్టిన గడువు కాదు. వృద్ధుల్లో రేడియేషన్ మాత్రమే, మందు మాత్రమే ఇచ్చి పోల్చిన, 2012లో వెలువడిన అధ్యయనాలను చూసినా, అన్‌మిథైలేటెడ్ అన్న ఫలితం చెప్పేది రేడియేషన్‌ను వదులుకోవద్దని.

ఒక కుమారుడు 12.7 అంకె కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసిన కాగితంతో నా దగ్గరకు వచ్చాడు. తండ్రి ముఖానికి కొలిచి చేసిన రేడియేషన్ మాస్కు, పేరు రాసిన టేపుతో సహా, అప్పటికే విభాగంలో సిద్ధంగా ఉన్నా, ఇతను తేదీలు రద్దు చేసుకుని వచ్చాడు. కాగితం మీద వంద చుక్కలు పెట్టి, యాభయ్యో చుక్క దగ్గర గీత గీసి, "మీ నాన్నగారు ఈ గీతకు ఏ పక్కన ఉన్నారో ఈ పరీక్ష చెప్పలేదు బాబూ" అన్నాను. వయసు, సర్జరీలో కణితిని ఎంత తీయగలిగారు, మనిషి తన పనులు తాను చేసుకోగలుగుతున్నారా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయని చెప్పాను. అతను చాలాసేపు ఆ చుక్కలనే చూస్తూ కూర్చున్నాడు. మరుసటి వారం రేడియేషన్ మొదలైంది.

మిగిలిన అపోహలకు ఇంత వివరణ అక్కర్లేదు. "మిథైలేటెడ్" అంటే చెడు ఫలితమన్నది తప్పు, ఈ కణితిలో అది మేలైన సూచన. ఫోలిక్ యాసిడ్ మాత్రలతో ఫలితాన్ని మార్చవచ్చని వాట్సాప్‌లో తిరిగే సందేశాలకు ఆధారం లేదు. భయంలో ఉన్నవారికి దయచేసి వాటిని పంపకండి. ఇది కణితి కణాల్లో కనిపించే మార్పు గనుక, ఈ రిపోర్టు చూసి పిల్లలకు పరీక్షలు చేయించనక్కర్లేదు.

రెండు ల్యాబుల ఫలితాలు వేరుగా వస్తే ఒకరు మోసం చేశారని అనుకోకండి; పద్ధతులు, కటాఫ్‌లు (మిథైలేటెడ్ అని చెప్పడానికి పెట్టుకున్న హద్దులు) వేరుగా ఉంటాయి, కొన్ని కణితులు సరిహద్దు మీదే ఉంటాయి, కణితి ముక్కను మైనంలో భద్రపరిచిన పారఫిన్ బ్లాకులో కణితి భాగం తక్కువైతే ఫలితం తారుమారు కావచ్చు. ఏ పద్ధతి, మిథైలేషన్ ఎంత శాతం, కటాఫ్ ఎంత, బ్లాకులో కణితి కణాలు ఎన్ని అన్న నాలుగు విషయాలను రాసి ఇమ్మని అడగండి. మళ్లీ పరీక్ష అవసరమైతే పనికొచ్చేలా ఆ పారఫిన్ బ్లాకును భద్రపరచమని చెప్పండి.