చుక్కలతో పాటు సూది ఎందుకు వచ్చింది: పోలియో టీకా నేపథ్యం

నెలన్నర టీకాకు బిడ్డను తీసుకెళ్తే పోలియోకు ఇప్పుడు రెండు మందులు ఇస్తున్నారు. ఒకటి నోట్లో వేసే చుక్కలు, రెండోది కుడి భుజం కింద చర్మం పొరలోకి వేసే సూది. సూది పడిన చోట, బీసీజీ వేసినప్పటిలాగే, చిన్న బుడిపె లేచి కాసేపటికి అణిగిపోతుంది. ‘నిండు జీవితానికి రెండు చుక్కలు’ అన్న నినాదాన్ని ఏళ్ల తరబడి విన్న కుటుంబాలు, చుక్కలు సరిపోలేదా, వాటిలో ఏదైనా లోపం బయటపడిందా అని అడగడం సహజమే. ఆ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఈ రెండు టీకాల చరిత్రను మొదటి నుంచీ చూడాలి.

ముందుగా వచ్చింది సూదే. అమెరికాలో జోనస్ సాక్ పోలియో వైరస్‌ను ఫార్మాల్డిహైడ్‌తో చంపి తయారుచేసిన టీకా పనిచేస్తుందని 1955 ఏప్రిల్ 12న ప్రకటించారు. రెండు వారాలు తిరగకముందే ఘోరం జరిగింది. కాలిఫోర్నియాకు చెందిన కట్టర్ సంస్థ తయారుచేసిన కొన్ని బ్యాచ్‌లలో వైరస్ పూర్తిగా చావకపోవడంతో సుమారు 200 మంది పక్షవాతానికి గురయ్యారు, 10 మంది మరణించారు. టీకా సూత్రంలో తప్పు లేదు, తప్పంతా తయారీలోనూ తనిఖీలోనూ ఉంది. ఆ తర్వాత వడపోత, పరీక్షల నిబంధనలను కఠినం చేశారు. టీకాల తయారీపై నేడు కనిపించే ప్రభుత్వ పర్యవేక్షణలో చాలా భాగం ఆ ఘటన తర్వాత రూపుదిద్దుకున్నదే.

ఆల్బర్ట్ సేబిన్ మరో దారి పట్టారు. వైరస్‌ను చంపకుండా బలహీనపరిచి నోటి ద్వారా ఇచ్చే ఆయన టీకాను 1950ల చివర్లో సోవియట్ యూనియన్‌లో లక్షలాది పిల్లలపై పరీక్షించి చూశారు. బలహీనపడిన వైరస్ పేగుల్లో పెరుగుతుంది కాబట్టి రక్తంలోనే కాక పేగు గోడల్లోనూ రక్షణ ఏర్పడుతుంది, తర్వాత అసలు వైరస్ వచ్చినా అక్కడ నిలదొక్కుకోలేదు. చంపిన టీకా ఈ పని అంత బాగా చేయలేదు. అది రక్తంలో ప్రతిరక్షకాలను తయారుచేసి వైరస్ నాడులను చేరకుండా ఆపుతుంది, బిడ్డ కాళ్లు పడిపోకుండా కాపాడుతుంది, కానీ పేగుల్లో వైరస్ పెరగడాన్ని, మలం ద్వారా ఇతరులకు పాకడాన్ని పూర్తిగా అడ్డుకోలేదు. పైగా చుక్కలు చవక, వేయడానికి శిక్షణ పొందిన నర్సు అక్కరలేదు. మన దేశం వాటిని ఎంచుకోవడానికి ఈ కారణాలు చాలు.

అయితే చుక్కల్లోని వైరస్ సజీవమైనది. సుమారు 27 లక్షల డోసులకు ఒకరిలో అదే పక్షవాతం తెచ్చిపెట్టవచ్చన్నది అంచనా. టీకా అందని పిల్లలు ఎక్కువగా ఉన్న చోట అది నెలల తరబడి ఒకరి నుంచి ఒకరికి పాకుతూ జన్యుమార్పులకు లోనై, పోగొట్టుకున్న బలాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు కూడా. ఈ ముప్పులో మొదటిది 1960ల నుంచే వైద్యులకు తెలుసు. ఏటా వేలాది పిల్లలు అసలు పోలియోతో కుంటివారవుతున్న రోజుల్లో ఇంత అరుదైన ప్రమాదాన్ని ఒప్పుకోవడంలో న్యాయం ఉంది. ఈ విషయాన్ని తల్లిదండ్రులకు విడమరిచి చెప్పకపోవడంలో మాత్రం న్యాయం లేదని ఈ రచయిత అభిప్రాయం. తర్వాత పుట్టిన అనుమానాల్లో కొన్ని ఆ మౌనం నుంచి వచ్చినవే.

మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో ఎన్నిసార్లు చుక్కలు వేసినా కొందరు పిల్లలకు రక్షణ కలగలేదు. మన పిల్లల్లో చుక్కలు ఆశించినంతగా పనిచేయడం లేదని వెల్లూరుకు చెందిన వైరాలజిస్టు టి. జాకబ్ జాన్ అంతకు చాలా ముందు నుంచే చెబుతూ, సూది టీకా కావాలని వాదిస్తూ వచ్చారు. మూడు రకాల వైరస్‌లూ కలిసిన టీకాలో రెండో రకం మిగతా రెండింటినీ అణచివేస్తుందన్నది కారణాల్లో ఒకటి. 2010లో ఒకటో, మూడో రకాలతో మాత్రమే చేసిన టీకా వచ్చాక ఫలితం వెంటనే కనిపించింది: 2009లో 741గా ఉన్న కేసులు 2010లో 42కు పడిపోయాయి. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైనదే దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు.

ఇక్కడ లెక్క తిరగబడింది. సహజంగా తిరిగే రెండో రకం వైరస్ 1999 తర్వాత ప్రపంచంలో ఎక్కడా కనిపించలేదు, దాని చివరి జాడ దొరికింది మన అలీగఢ్‌లోనే. అంటే 2015 నాటికి రెండో రకం వల్ల ఎవరికైనా పోలియో వస్తే అది టీకా నుంచి వచ్చిందే. అందుకే 2016 ఏప్రిల్‌లో చుక్కలు వాడే దేశాలన్నీ మూడు రకాల చుక్కలను ఆపి రెండు రకాల చుక్కలకు మారాయి. రెండో రకంపై రక్షణ పూర్తిగా లేకుండా పోకూడదని, కనీసం ఒక డోసు సూది టీకాను కార్యక్రమంలో చేర్చాలన్నది షరతు. ఒక్కసారిగా అంత గిరాకీ రావడంతో టీకాకు కొరత ఏర్పడింది. భారత్ అప్పుడు కండరంలోకి వేసే 0.5 మిల్లీలీటర్ల డోసుకు బదులు అందులో అయిదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరును చర్మం పొరలోకి రెండుసార్లు వేసే పద్ధతి చేపట్టింది. చర్మంలో రోగనిరోధక కణాలు దట్టంగా ఉంటాయి కాబట్టి ఇలా వేసిన రెండు చిన్న డోసులు ఒక పూర్తి డోసు కంటే మెరుగైన స్పందన ఇస్తాయి. కొరతలో పుట్టిన ఏర్పాటే అయినా రాజీ బేరం మాత్రం కాదు.

ఆ పద్ధతికి పరీక్ష హైదరాబాద్‌లోనే ఎదురైంది. చుక్కలు మారిన కొద్ది వారాలకే, 2016 మే నెలలో నగర మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన రెండో రకం వైరస్ బయటపడింది. పోలియో సోకిన ప్రతి రెండు వందల మందిలో ఇంచుమించు ఒకరికే పక్షవాతం వస్తుంది కనుక, రోగి కనిపించేదాకా ఆగితే వైరస్ అప్పటికే ఎంతో దూరం పాకి ఉంటుంది. మురుగునీటిని పరీక్షించేది అందుకే. ఏ బిడ్డకూ జబ్బు చేయకముందే, జూన్ నెలలో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని ముప్పున్న ప్రాంతాల్లో ఆరు వారాల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు 3 లక్షల మందికి పైగా వారం రోజుల్లో ఈ చిన్న డోసు సూది వేశారు. నగరంలో పోలియో తిరిగొచ్చిందన్న వదంతులు వ్యాపించాయి గానీ, మురుగులో దొరికింది సహజ వైరస్ కాదు, దేశానికి దక్కిన పోలియో రహిత గుర్తింపుకు భంగమూ కలగలేదు.

సూది టీకాలో ఉన్నది చచ్చిన వైరస్ కాబట్టి దాని వల్ల పోలియో రాదు. వేసిన చోట ఎరుపు, కొద్దిపాటి జ్వరం సాధారణం. తీవ్రమైన అలర్జీ చాలా అరుదు, అరగంట పాటు కేంద్రంలోనే ఉండమనేది దాని కోసమే. ఈ టీకా గడ్డకడితే పాడైపోతుంది. చుక్కల మందుకు మాత్రం వేడి పడదు. అందుకే చుక్కల సీసాపై లేత రంగు చతురస్రం ఉంటుంది. అది చుట్టూ ఉన్న వలయమంత ముదురు రంగుకు మారితే ఆ సీసా వాడకూడదు. పుట్టుకతో రోగనిరోధక శక్తి లోపించిన పిల్లలకు చుక్కలు ఇవ్వరాదు కాబట్టి కుటుంబంలో అలాంటి చరిత్ర ఉంటే ఏఎన్ఎంకు ముందే చెప్పాలి. 2023 జనవరి నుంచి నెలన్నర, మూడున్నర నెలల సూదులకు తోడు తొమ్మిదో నెలలో మూడోదీ చేరింది. చుక్కలు కూడా కొనసాగుతున్నాయి. ఒకటో రకం సహజ వైరస్ పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో తిరుగుతున్నంత కాలం పేగుల్లో రక్షణ అవసరం తీరదు.