నేరుగా వెళ్ళడానికి ఏ లైటు వేయాలి సార్? – డ్రైవింగ్ అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో కారు డ్రైవింగ్ నేర్పడం నా పని. క్లచ్, గేర్లు నేర్పడం తేలిక. బావగారో, పక్కింటి అంకులో చెప్పిన ‘రూల్స్’ మరిపించడమే కష్టం. రోడ్డు మీద గొడవలన్నీ రూల్ తెలియక వచ్చేవనుకుంటాం. నేను చూసినంతలో చాలావరకు ఇద్దరికీ చెరో రూల్ తెలిసి ఉండటం వల్ల వస్తాయి.

అపోహ: జంక్షన్‌లో నేరుగా వెళ్ళాలంటే హజార్డ్ లైట్లు (రెండు పక్కల ఇండికేటర్లూ ఒకేసారి) వేయాలి.

“ఎడమకి ఎడమ ఇండికేటర్, కుడికి కుడిది, నేరుగా అంటే రెండూ కదా సార్” అంటారు. లెక్క బాగానే ఉంది. కానీ ఎడమ పక్క రోడ్డులోంచి వచ్చే బైకతనికి మీ బండి ఎడమ లైటు ఒక్కటే కనిపిస్తుంది. మీరు తన రోడ్డులోకే తిరుగుతున్నారనుకుని ముందుకొచ్చేస్తాడు. ఆ తర్వాత తప్పెవరిదని నడిరోడ్డు మీద పంచాయితీ. నేరుగా వెళ్ళడానికి ఏ లైటూ అక్కర్లేదు. హజార్డ్ లైట్లు బండి చెడిపోయి రోడ్డు మీద ఆగిపోతేనో, దాన్ని ఇంకో బండి లాక్కెళ్తుంటేనో వేయాల్సినవి.

అపోహ: ఎదుటి బండి లైటు కొడితే ‘నువ్వు రా’ అని.

మన దగ్గర డిప్పర్ కొట్టారంటే, అదే హెడ్‌లైటు వెలిగించి ఆర్పారంటే, ‘నేను వస్తున్నా, ఆగు’ అని. లండన్‌లో కొన్నేళ్ళుండి వచ్చిన ఒకబ్బాయి యూటర్న్ దగ్గర క్యాబ్ లైటు కొట్టగానే థ్యాంక్స్ అన్నట్టు చెయ్యూపి స్టీరింగ్ తిప్పేశాడు. నా కాళ్ళ దగ్గర కూడా బ్రేకు ఉంది కాబట్టి బతికిపోయాం. అక్కడ దారివ్వడానికి అలా లైటు కొడతారట. తమాషా ఏంటంటే, బ్రిటన్ రోడ్డు రూల్స్ పుస్తకం ‘హైవే కోడ్’ కూడా లైటు కొట్టేది ‘నేనిక్కడున్నాను’ అని చెప్పడానికే అంటుంది.

హైవే మీద లారీ కుడి ఇండికేటర్‌ది ఇంకో గోల. కొందరు డ్రైవర్లు ‘ఓవర్‌టేక్ చేసుకో’ అని వేస్తారు, కొందరు నిజంగానే కుడికి తిరుగుతారు. వెనకబండికి దారివ్వడానికి పాత నిబంధనల్లో వేరే సైగ ఉండేది. కుడి చెయ్యి బయటపెట్టి ముందుకీ వెనక్కీ ఊపేవారు. ఇండికేటర్ మాత్రం సొంత మలుపు చెప్పడానికే. కుడి ఇండికేటర్ వెలుగుతున్న లారీని కుడి నుంచి దాటబోతుంటే మాత్రం నా స్టూడెంట్లని నేను ఒప్పుకోను. ఒక్క నిమిషం ఆగితే ఆ లారీ ఉద్దేశం ఏంటో అదే తెలుస్తుంది.

అపోహ: ఎడమకి ఎప్పుడూ ఫ్రీ.

ఫ్రీ లెఫ్ట్ బోర్డో, ఎడమకి పచ్చ బాణమో ఉంటేనే. లేకపోతే ఎర్రలైటు ఎడమకి తిరిగేవాళ్ళకీ ఎర్రలైటే. వెనక నుంచి ఎంత హారన్ కొట్టినా స్టాప్ లైన్ దాటనక్కర్లేదు. బోర్డు ఉన్నచోట మాత్రం నేరుగా పోయేవాళ్ళు ఆ లేన్‌లో అడ్డంగా నిలబడకూడదు. నిజానికి నాకు వీళ్ళ మీదే ఎక్కువ చిరాకు.

అపోహ: సర్కిల్‌లో పెద్ద బండిదే దారి.

2017 డ్రైవింగ్ నిబంధనల ప్రకారం అప్పటికే సర్కిల్‌లో తిరుగుతున్న బండికి దారివ్వాలి. అంటే మీ కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకి. అది స్కూటీ అయినా సరే, మీది బస్సు అయినా సరే.

అపోహ: లైసెన్స్ గడువు ముగిసినా నెల రోజులు నడుపుకోవచ్చు.

ఒకప్పుడు నిజమే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో ఆ 30 రోజుల వెసులుబాటు తీసేశారు. గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యూవల్‌కి పెట్టుకోవచ్చు. ముగిసి ఏడాది దాటితే మళ్ళీ టెస్టు ఇవ్వాల్సిందే. అన్నట్టు, ఫోన్‌లో కాగితాలు చూపిస్తే చాలు గానీ అవి ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉండాలి. వాట్సాప్‌లో తమ్ముడు పంపిన ఆర్‌సీ ఫొటో చెల్లదు.

అపోహ: హెల్మెట్, బెల్టు ముందున్నవాళ్ళకే.

బండి మీద వెనక కూర్చున్నవాళ్ళకీ, నాలుగేళ్ళు దాటిన పిల్లలకీ హెల్మెట్ ఉండాలి. కారులో వెనక సీటుకీ బెల్టు తప్పనిసరి. సొంత కారులో నేర్చుకుంటామని వచ్చేవాళ్ళ వెనక సీట్లో అమ్మో నాన్నో తోడు కూర్చుంటారు. వాళ్ళ బెల్టు బకిల్ కొన్ననాటి నుంచీ సీటు కవరు కిందే ఉంటుంది. నా మొదటి క్లాసు దాన్ని బయటికి లాగడంతో మొదలవుతుంది.