ప్రజాభద్రత ఉపసంఘం: కౌన్సిల్ హాల్లో చెలామణి అయ్యే అపోహలు

గోదావరి డెల్టాలోని ఓ పట్టణంలో మున్సిపాలిటీ కౌన్సిల్ విభాగం చూడటం నా ఉద్యోగం. అజెండా రాయాలి, చర్చ జరుగుతుంటే మినిట్స్ దించాలి, ఆ తర్వాత తీర్మానం ఏ బల్ల మీద ఆగిందో వెతకాలి. ఎక్కడైనా ప్రమాదం జరిగిందంటే ఆ నెల జీరో అవర్‌లో ‘ప్రజాభద్రతపై ఉపసంఘం వేయాలి’ అని ఎవరో ఒకరు లేస్తారు. అందరూ బల్లలు చరుస్తారు. పాలకవర్గాలు మారినా ఆ ఉపసంఘం గురించి సభ్యులకు ఉండే భ్రమలు ఇంచుమించు అవే.

అపోహ: ఉపసంఘం వస్తే పోలీసులు మన మాట వింటారు.

వాస్తవం: రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్రానివి. 1992 నాటి 74వ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు 18 అంశాలు ఉన్నాయి. వీధి దీపాలు, రోడ్లు, వంతెనలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు, శ్మశానాలు, చివరికి బందెలదొడ్డి కూడా ఉంది, పోలీసు లేదు. అగ్నిమాపక సేవలు ఆ జాబితాలో ఉన్నా, మన దగ్గర వాటిని నడిపేది రాష్ట్ర శాఖే. ఎస్సై గారి సంజాయిషీ కోరుతూ తీర్మానం రాయిస్తే కాగితం దండగ. ఆయన్ని ఆహ్వానితుడిగా పిలిచి, ఏ మలుపులో ప్రమాదాలు ఎక్కువగా నమోదవుతున్నాయో అడగండి. ఆ మలుపులో దీపం వెలగకపోయినా, స్పీడ్‌బ్రేకర్‌కు తెల్లరంగు చెరిగిపోయినా, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ చూపుకు అడ్డం వచ్చినా సరిచేయాల్సింది మనమే.

అపోహ: ఉపసంఘం ఒప్పుకుంటే పని మంజూరైనట్టే.

వాస్తవం: అది సిఫారసు మాత్రమే చేస్తుంది. ఖర్చుకు కౌన్సిల్ తీర్మానం కావాలి, అమలు కమిషనర్ గారి చేతిలో ఉంటుంది. (రాజమహేంద్రవరం, కాకినాడ వంటి కార్పొరేషన్లలో చట్టప్రకారం ఏర్పడే స్థాయీ సంఘం వేరు. రెండింటినీ కలపకండి.) ఇక సిఫారసు రాసే తీరు. ‘పట్టణంలో కల్వర్టులకు రక్షణ కల్పించుటకు తగు చర్యలు తీసుకొనవలెను’ అని రాస్తే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు ఎస్టిమేట్ దేనికి వేయాలి? ‘ఫలానా వార్డు, మార్కెట్ వెనక కల్వర్టు, ఎడమవైపు పిట్టగోడ కూలింది, వచ్చే సమావేశానికి ఎస్టిమేట్ పెట్టాలి’ అని రాస్తే మర్నాడే టేపు పట్టుకుని వెళ్తారు.

అపోహ: కాలువ గట్టు ఇరిగేషన్ వాళ్లది, మనకెందుకు?

వాస్తవం: గట్టు వాళ్లదే. దాని మీద రోడ్డు ఆర్ అండ్ బీది కావచ్చు, స్తంభం విద్యుత్ సంస్థది, దీపం మనది, రేవులో బట్టలు ఉతుక్కునే మనిషి మన ఓటరు. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ నుంచి బయలుదేరే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు ఊళ్ల నడిబొడ్డునుంచే పారతాయి. రాత్రిపూట ఎదురు బండి లైటు కళ్లలో పడి కాలువలోకి దూసుకుపోయిన వాహనాల వార్తలు ఇక్కడ కొత్త కాదు. నాలుగు శాఖల మధ్య ఎవరికీ చెందకుండా పోయే ఇటువంటి చోటు కోసమే నా దృష్టిలో ఉపసంఘం ఉండాలి.

సభ్యులు ఒక సాయంత్రం చీకటి పడ్డాక గట్టు వెంట నడవాలి. రెయిలింగ్ ఊడిన చోట ఎవరో అడ్డంగా కట్టిన వెదురు బొంగు, దానికి వేలాడే ఎర్రగుడ్డ కనిపిస్తాయి. మన పని ఊరివాళ్లు చేసుకున్నారన్నమాట. అలాంటి చోట్లన్నీ రాసుకోండి.

తర్వాత అసలు చిక్కు. కాలువ అడుగునుంచి రిటైనింగ్ వాల్ లేపాలంటే నీళ్లు ఉండకూడదు. సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసినప్పుడే క్లోజర్ పనులు సాగుతాయి. మార్చిలో తీర్మానం చేసి, జలవనరుల శాఖకు లేఖ రాసి, ఎస్టిమేట్, మంజూరు, టెండరు అంటూ తిరిగేసరికి జూన్‌లో నీళ్లు వదిలేస్తారు. ఇక మళ్లీ ఏడాదే. గట్టు పనుల తీర్మానం సంక్రాంతికి ముందే వెళ్లాలని నేను అందరి చెవిలో పోరు పెట్టేది అందుకే.

అపోహ: కెమెరాలు పెడితే భద్రత వచ్చేస్తుంది.

వాస్తవం: ఒకేసారి వందమంది చేరే అవకాశమున్న సంస్థలు తమ ఖర్చుతోనే కెమెరాలు పెట్టి, 30 రోజుల దృశ్యాలు భద్రపరచాలని 2013 నాటి రాష్ట్ర చట్టం చెబుతోంది. ఆ పని వాళ్లతో చేయించండి. మూత లేని డ్రెయిన్‌లో పడే పెద్దాయనను కెమెరా ఆపదు.

అపోహ: తుఫాను, వరద కలెక్టర్ గారు చూసుకుంటారు.

వాస్తవం: జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు ఆయనే. కానీ 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 41వ సెక్షన్ స్థానిక సంస్థలకూ బాధ్యత పెట్టింది: సిబ్బందికి శిక్షణ ఇప్పించాలి, సామగ్రిని సిద్ధంగా ఉంచాలి. 1996 నవంబర్ 6 రాత్రి తుఫానులో కోనసీమను చూసినవాళ్లకు దీని అర్థం వివరించనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మన ఊళ్లో చినుకు పడకపోయినా మెట్టలో వానకు ఎర్రకాలువ పొంగితే దిగువన యనమదుర్రు డ్రెయిన్ వెంట ఉన్నవాళ్లకు ముప్పే. జూన్ సమావేశంలో ఉపసంఘం అడగాల్సినవి చిన్న ప్రశ్నలు. నీటి పంపుల జనరేటర్‌లో డీజిల్ ఉందా? పునరావాసానికి అనుకున్న బడి తాళం ఎవరి దగ్గర ఉంది? తీగల మీదికి వాలిన కొమ్మలు కొట్టారా?

అపోహ: అన్ని పార్టీల వాళ్లూ, ఎక్కువమంది ఉంటే ఉపసంఘానికి బలం.

వాస్తవం: ఎక్కువమంది ఉంటే టీ ఖర్చు పెరుగుతుంది, కోరం దొరకదు. ఐదుగురో ఏడుగురో చాలు, కాలువ పక్క వార్డుల వాళ్లు తప్పక ఉండాలి. కాలపరిమితి కూడా తీర్మానంలోనే రాయండి. ఆహ్వానితుల జాబితాలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ పేరు మరవకండి. తెల్లవారకముందే వీధుల్లో ఉండే మనిషి కాబట్టి ఏ దీపం వెలగడం లేదో ఆయనకు తెలుస్తుంది.