గోధుమరంగు కేంద్రకాలు

పెద్దపేగు లోపలి పొర నుంచి మినపగింజంత కూడా లేని ముక్క తీసి, పల్చగా కోసి, రంగులు పట్టించి, మైక్రోస్కోపు కింద పెడతారు. మామూలు పేగులో కణాల కేంద్రకాలు నీలంగా ఉంటాయి. పెద్దపేగు లోపలి పొరలో వాపు, పుండ్లు వచ్చే అల్సరేటివ్ కొలైటిస్ అనే జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడినవాళ్ల ముక్కలో మాత్రం ఒక్కోచోట, పక్కపక్కనే ఉన్న కేంద్రకాలన్నీ ముదురు గోధుమరంగులో కనిపిస్తాయి. ఆ రంగు పట్టింది పి53 అనే ప్రొటీన్‌కి.

కణంలో డీఎన్‌ఏ దెబ్బతింటే విభజన ఆపడం, బాగుచేయడం కుదరకపోతే ఆ కణం చచ్చిపోయేలా చూడడం పి53 పని. పని లేనప్పుడు కణం దాన్ని ఉంచుకోదు, తయారైన కొద్ది నిమిషాల్లోనే ముక్కలు చేసేస్తుంది. అందుకే మామూలుగా అది కంటికి ఆనదు. జన్యువులో ఒక్క అక్షరం మారి వంకర పి53 తయారైతే, చాలాసార్లు అది ముక్కలవకుండా కేంద్రకంలో పేరుకుపోతుంది. అంటే అంత ముదురుగా కనిపించేది పని చెయ్యని పి53 అన్నమాట.

మామూలు పెద్దపేగు కాన్సర్‌లో తొలి దెబ్బ ఎక్కువగా ఏపీసీ అనే జన్యువుకి తగులుతుంది. పాలిప్ అనే చిన్న బుడిపె లేస్తుంది, పెరుగుతుంది, పి53 చెడడం దాదాపు చివరి మెట్టు. కొలైటిస్ నుంచి వచ్చే కాన్సర్‌లో ఈ వరస తిరగబడుతుంది. పి53 ముందే పోతుంది, అప్పటికింకా గడ్డేమీ ఉండదు.

ఎందుకిలా? వాపు ఉన్నచోటికి చేరిన తెల్లకణాలు సూక్ష్మజీవుల్ని చంపడానికి వదిలే రసాయనాలు పక్కనున్న పేగు కణాల డీఎన్‌ఏని కూడా కాలుస్తాయి. మరోపక్క పుండు మానాలి కాబట్టి కొత్త కణాలు పుడుతూనే ఉండాలి. ఇక్కడే ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ వస్తుంది. 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ దీన్ని కనుగొన్నారు. పేగు పొర కణాల్లో ఇది చావుని అడ్డుకుంటుంది. రోగనిరోధక కణాల్లో ఐఎల్-6 లాంటి సంకేత ప్రొటీన్లు తయారుచేయిస్తుంది, ఆ ఐఎల్-6 పొర కణాల్లో స్టాట్3 అనే మరో ప్రొటీన్‌ని లేపి విభజనకి తోస్తుంది. నాలుగు రోజుల పుండుకి ఇదంతా మేలే. ఏళ్లపాటు సాగితే, చావాల్సిన దెబ్బతిన్న కణం కూడా బతికిపోయి పిల్లల్ని పెడుతుంది.

2004లో కాలిఫోర్నియాలో మైకేల్ కారిన్ బృందం, ఎన్ఎఫ్-కప్పా-బిని మేల్కొలిపే ఎంజైమ్‌ని ఎలుకల పేగు పొర కణాల్లో మాత్రమే తీసేసింది. వాపు తగ్గలేదు, కణితులు మాత్రం సుమారు 80 శాతం తగ్గిపోయాయి! ఈ మొత్తం కథలో నన్ను బాగా కదిలించింది ఈ ఫలితమే. 2013లో మరో ఎలుకల పరిశోధన ఇంకో ముడి విప్పింది. పి53 చెడిన మూలకణానికి (కొత్త పేగు కణాల్ని పుట్టించే కణానికి) ఆరోగ్యమైన పేగులో పక్కవాటి మీద పైచేయి లేదు, కొలైటిస్ ఉన్న పేగులో మాత్రం పొరుగు కణాల్ని నెట్టేసి వ్యాపించింది.

అలా పరచుకున్న మేర పాలిప్‌లా పైకి లేవక చదునుగా ఉండిపోవచ్చు. అందుకే కొలనోస్కోపీలో, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసేటప్పుడు, చాలా ఆసుపత్రుల్లో నీలిరంగు చల్లి, మడతల మధ్య తేడా పసిగడతారు. 2001లో అనేక అధ్యయనాలు కలిపి చూస్తే ఈ జబ్బు ఉన్నవాళ్లకి కాన్సర్ వచ్చే అవకాశం 10 ఏళ్లకి 2 శాతం, 20 ఏళ్లకి 8 శాతం, 30 ఏళ్లకి 18 శాతంగా తేలింది. తర్వాతి లెక్కల్లో అంతకన్నా తక్కువే కనిపించింది, కాబట్టి హడలిపోనక్కర్లేదు. కానీ మలంలో రక్తం ఆగింది కదా అని మందులు మానేసినవాళ్లని చూస్తే నాకు బెంగగా ఉంటుంది. పైకి ఏమీ లేకపోయినా లోపల వాపు సాగుతూ ఉండొచ్చు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష దాన్ని పట్టిస్తుంది. అది తెల్లకణాలు మోసుకొచ్చే ప్రొటీనే.

జబ్బు మొదలైన ఎనిమిదేళ్లకి నిఘా కొలనోస్కోపీ మొదలుపెట్టాలంటారు, కొందరికి ఇంకా ముందే. మన దగ్గర మలంలో రక్తం పడితే మొలలనో, వేడి చేసిందనో రెండు మూడేళ్లు గడిపేస్తాం. డాక్టరు అడిగినప్పుడు ఆ ఏళ్లని కూడా కలిపి చెప్పండి. ఎనిమిదేళ్ల లెక్క రిపోర్టు చేతికొచ్చిన రోజు నుంచి కాదు, మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి.