పీట తీసేసిన గొడవ వెనక 1969 వేసవి

విశాఖలో ఒక కతోలిక విచారణ గుడిలో, అంటే పారిష్ చర్చిలో, బలిపీఠం ముందు, మరియమ్మ స్వరూపం వైపు, ఒక మోకాళ్ళ పీట ఉండేది. గోడలకి రంగులేస్తున్నామని దాన్ని తీశారు. రంగులు ఆరిపోయి నెల దాటినా పీట తిరిగి రాలేదు. అడిగితే గుడి వాట్సాప్ గ్రూపులో సమాధానం వచ్చింది: సత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) నిలబడి, చేతిలోనే తీసుకోవాలి, లైను ఆపకూడదు. దాని కింద ఒక కోడలు రాసింది, వాళ్ళ అత్తగారు మోకరించి నాలుక చాపితే "అమ్మా, చెయ్యి పట్టండి" అన్నారట, ఆవిడ చెయ్యి పట్టలేదు, సత్ప్రసాదం లేకుండానే వెనక్కి వచ్చి కూర్చున్నారు. అక్కడి నుంచి గ్రూపంతా రెండుగా చీలిపోయింది. రెండు వైపులవాళ్ళూ వాటికన్ పేరే చెబుతున్నారు కాబట్టి అసలు వాటికన్ ఏం చెప్పిందో రాసిపెట్టమని నన్ను అడిగారు, అదీ ఆదివారంలోపు. నాది ఏ వైపో ముందే చెప్పేస్తున్నా. నేను మోకరించేవాణ్ణి.

1962 నుంచి 1965 దాకా జరిగిన రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ పీఠాధిపతులు, అంటే బిషప్పులు, కలిసిన సభ) గురించి ఒక్క ముక్కే. "మహాసభ మార్చేసింది" అని ఎవరైనా అంటే ఏ పేరాలో ఉందో చూపించమనండి. 1963లో ఆ సభ దైవార్చన, అంటే పూజా విధానం, గురించి ఇచ్చిన పత్రంలో మోకరించడం మానమని గానీ, చేతిలో ఇవ్వమని గానీ లేదు. అదే పత్రం 36వ అంశంలో లాటిన్‌ను నిలుపుకోవాలని కూడా ఉంది, కానీ ఇప్పటి గొడవ లాటిన్ గురించి కాదు, నాకు తెలుగు పూజే ఇష్టం, మా అమ్మ నేర్పిన జపాలన్నీ తెలుగులోనే ఉన్నాయి.

అసలు మలుపు 1969లో ఉంది. ఏప్రిల్ 3న ఆరవ పౌలు పోపు గారు కొత్త పూజా గ్రంథాన్ని ప్రకటించారు. ఏప్రిల్ 25న పూజలో మన దేశపు పద్ధతులు వాడుకోవడానికి పన్నెండు అంశాల అనుమతి వచ్చింది. మే 29న సత్ప్రసాదం ఎలా ఇవ్వాలన్న దాని మీద 'మెమొరియాలె దొమిని' అనే ఆదేశం వచ్చింది. మొత్తం ఎనిమిది వారాలు. ఇవాళ మనం కొట్టుకుంటున్నదంతా ఆ ఎనిమిది వారాల్లోనే ఉంది.

ముందు మే నెల సంగతి. హాలెండ్ లాంటి కొన్ని దేశాల్లో అప్పటికే, ఎవరినీ అడగకుండా, చేతిలో ఇవ్వడం మొదలుపెట్టేశారు. దాంతో రోము (వాటికన్) ప్రపంచంలోని లాటిన్ రీతి పీఠాధిపతులందరినీ అడిగింది, చేతిలో ఇవ్వడానికి అనుమతించాలా అని. అవునన్నవాళ్ళు 567 మంది. వద్దన్నవాళ్ళు 1,233 మంది. కొన్ని షరతులతో సరే అన్నవాళ్ళు 315, చెల్లనివి 20. సగానికి పైగా వద్దన్నారన్నమాట. ఆ లెక్క ఆదేశంలోనే అచ్చయి ఉంది, దాన్ని చూపించి నాలుక మీద ఇచ్చే పద్ధతినే ఉంచాలని పోపు గారు నిర్ణయించారు. ఎందుకో కూడా చెప్పారు: భక్తి తగ్గుతుందని, సత్ప్రసాదానికి అవమానం జరిగే ప్రమాదం ఉందని, క్రీస్తు అందులో నిజంగా ఉన్నాడన్న విశ్వాసం పల్చబడుతుందని.

అదే కాగితం చివర్లో ఒక చిన్న తలుపు తెరిచారు. ఎక్కడైతే చేతిలో ఇచ్చే అలవాటు అప్పటికే పాతుకుపోయిందో అక్కడి పీఠాధిపతుల సమాఖ్య, మూడింట రెండొంతుల మంది రహస్యంగా ఓటేసి ఒప్పుకుంటే, రోముని అనుమతి అడగొచ్చు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. చెప్పిన మాట విన్న దేశాలకి ఆ తలుపుతో పనే లేదు, వినని దేశాల కోసం పెట్టారు. తర్వాత ఒక్కో దేశం అదే తలుపు గుండా వెళ్ళింది, మన దేశంలోనూ అనుమతి వచ్చింది, మెల్లగా అనుమతి అలవాటైంది, అలవాటు నియమమైంది, ఇప్పుడు పాత నియమం పాటించే ముసలావిడ లైను ఆపుతున్న మనిషి అయింది.

చేతిలో తీసుకునేవాళ్ళు నాలుగో శతాబ్దపు యెరూషలేము పీఠాధిపతి పునీత సిరిల్ గారి మాట చూపిస్తారు. చూపించాల్సిందే, అది నిజమైన మాట, అప్పట్లో చేతిలోనే ఇచ్చేవారు. కానీ మొత్తం చదవండి. ఎడమ చేతిని కుడి చేతికి సింహాసనంలా పెట్టు అని ఉంది అక్కడ. అంటే పుచ్చుకునేది కుడి చేతిలో. ఒక్క తునక కూడా కింద పడనివ్వొద్దు, నీ చేతిలో బంగారు రజను పోస్తే ఎంత జాగ్రత్తగా పట్టుకుంటావు అని కూడా ఉంది. మన గుళ్ళలో నేర్పేది దీనికి తలకిందులు: కుడి చేతి మీద ఎడమ చెయ్యి పెట్టు, ఎడమ అరచేతిలో పుచ్చుకో, కుడి చేత్తో నోట్లో వేసుకో. తెలుగు ఇంట్లో పుట్టిన ఎవరికైనా ఇది ఎలా మింగుడు పడిందో నాకు అర్థం కాదు. పక్కింటి పేరంటానికి వెళ్ళి ఎడమ చేత్తో తాంబూలం అందుకుంటే వీపు మీద ఒకటి వేసేది మా అమ్మమ్మ. అలాంటిది దేవుని శరీరాన్ని ఎడమ అరచేతిలోకి తీసుకుని, నడుస్తూ, సగం దూరం వెళ్ళాక నోట్లో వేసుకునేవాళ్ళని ప్రతి ఆదివారం చూస్తున్నా. అరచేతిని ఎవరైనా చూసుకుంటున్నారా, తునక మిగిలిందేమోనని? ప్యాంటుకి తుడుచుకుంటున్నారు.

ఇక ఏప్రిల్ 25. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య అడిగిన పన్నెండు మార్పులకి రోము ఒప్పుకుంది. వీటి వెనక ఎక్కువ కష్టపడింది బెంగళూరులోని బైబిలు, ఉపదేశ, దైవార్చన జాతీయ కేంద్రాన్ని నడిపిన ఫాదర్ డి. ఎస్. అమలోర్‌పవదాస్ గారు. నాలాంటి సంప్రదాయవాదులు ఈ పన్నెండు అంశాలని తిట్టడం మామూలే, నేనూ తిట్టాను, ఆ తర్వాత కూర్చుని చదివాను. కింద కూర్చోవచ్చు, చెప్పులు విప్పవచ్చు. కొవ్వొత్తుల బదులు నూనె దీపాలు పెట్టుకోవచ్చు. ముద్దు పెట్టుకునే చోట వస్తువుని తాకి కళ్ళకి అద్దుకోవచ్చు. పూజ మొదట్లో, మళ్ళీ ప్రధాన ప్రార్థన ముగిశాక, గురువు (ఫాదర్), జనం కలిసి పంచాంగ ప్రణామం చేయవచ్చు. పంచాంగ ప్రణామం అంటే నుదురు నేలకి ఆనించడం, మోకరించడం కంటే కష్టం. ఒక్క చోట మాత్రం నాకు అభ్యంతరం ఉంది, మోకాలు వంచి చేసే వందనం బదులు చేతులు జోడించి బాగా వంగితే చాలన్నారు.

జరిగిందేమిటంటే, ఆ పన్నెండులో సులువైనవి తీసుకున్నాం. ముఖ్య అతిథి వస్తే ఆరతి ఉంది, పూలు ఉన్నాయి, పండగనాడు పిల్లల నాట్యం ఉంది. మోకాలు వంచడం పోయింది, దాని బదులు రావాల్సిన వంగడం తల ఊపడంగా మారింది, పంచాంగ ప్రణామం చేసే విచారణ ఎక్కడైనా ఉంటే చెప్పండి, రైలెక్కి వెళ్ళి చూసొస్తాను. చెప్పుల సంగతి చూడండి. మా చిన్నప్పుడు గుడి మెట్ల దగ్గర చెప్పుల గుట్ట ఉండేది, నాది వెతుక్కోవడానికి పావుగంట పట్టేది. ఇప్పుడు బూట్లతో బలిపీఠం దాకా వస్తున్నారు, వీడియో తీసేవాళ్ళయితే బలిపీఠం ఎక్కేస్తున్నారు. పాత ఊళ్ళో మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాని మీద మరియమ్మ, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. మిగతా రెండు కొండల మీద చెప్పులు విప్పాలని ఎవరికీ చెప్పక్కర్లేదు.

పాత పద్ధతికి చట్టం లేదని గ్రూపులో ఒకాయన రాశారు. ఉంది. 2004 మార్చి 25న వచ్చిన వాటికన్ ఆదేశం 'రెడెంప్సియోనిస్ సాక్రమెంతుమ్' 91వ అంశం: మోకరించాడనో నిలబడ్డాడనో, ఆ ఒక్క కారణంతో ఎవరికీ సత్ప్రసాదం నిరాకరించకూడదు. 92వ అంశం: నాలుక మీద తీసుకునే హక్కు విశ్వాసికి ఎప్పుడూ ఉంది. 93వ అంశం: తునకలు పడకుండా కింద పట్టే పళ్ళెం ఉండాలి. నిలబడేవాళ్ళని తప్పు పట్టే హక్కు నాకు దీన్నిబట్టి లేదు. మోకరించినవాళ్ళని లేపే హక్కు ఇంకొకరికి లేదు. 2008 క్రీస్తు శరీర రక్త పండగ నుంచి పదహారవ బెనెడిక్టు పోపు గారు తన పూజల్లో తన దగ్గరికి వచ్చినవాళ్ళకి మోకాళ్ళ మీదే, నాలుక మీదే ఇచ్చారు. అప్పుడు కొంతకాలం మన దగ్గర కూడా పీటలు కనిపించాయి.

తర్వాత 2020. కరోనా వచ్చింది, గుళ్ళు మూశారు, తెరిచాక చేతిలోనే ఇస్తామన్నారు. అందరం ఒప్పుకున్నాం, నేను కూడా, ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి. మాస్కులు పోయాయి, గుమ్మంలో శానిటైజర్ సీసా పోయింది, నేల మీద దూరం కోసం గీసిన గుండ్రాలు చెరిగిపోయాయి. చేతిలోనే అన్న మాట మాత్రం మిగిలిపోయింది. పళ్ళెం పట్టుకునే కుర్రాడు కూడా అప్పుడు వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. 1969లో జరిగిందే 2020లో జరిగింది, తాత్కాలికం అన్నది ఎవరూ నిర్ణయించకుండానే శాశ్వతమైంది.

ఆ లాక్‌డౌన్‌లోనే ఇంకోటి ఇంట్లోకొచ్చింది, ఫోనులో పూజ. మంచాన పడ్డవాళ్ళకి అది వరమే, కాదనను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు యూట్యూబ్‌లో పూజ పెట్టుకుని ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నారు, అయిపోయాక "పూజయింది" అంటున్నారు. ప్రసారం పూజకి సాటి రాదని 2020 ఆగస్టులోనే అప్పటి రోము దైవార్చన శాఖ అధిపతి కార్డినల్ సారా గారు పీఠాధిపతులకి లేఖ రాశారు. ఫోను చివరికి గుడిలోకీ వచ్చింది. సరిగ్గా గంట మోగే సమయానికి ఎవరిదో రింగ్‌టోన్. మొదటి సత్ప్రసాదం రోజు తల్లిదండ్రులు ఒక్కరూ చేతులు జోడించి ఉండరు, అందరి చేతుల్లో ఫోన్లే, పిల్ల నోరు తెరిచిన ఫొటో కోసం గురువుగారిని ఒక్క క్షణం ఆగమనడం కూడా విన్నాను. ఈ విషయంలో నా మాట వద్దు, ఫ్రాన్సిస్ పోపు గారి మాట వినండి. 2021లో పాత లాటిన్ పూజని కట్టడి చేసింది ఆయనే, కాబట్టి మావైపు మనిషని ఎవరూ అనలేరు. 2017 నవంబరు 8న ఆయన ప్రజలతో అన్నారు, గురువు మీ హృదయాలు పైకెత్తండి అంటాడు గానీ ఫోన్లు పైకెత్తండి అనడని, విశ్వాసులే కాదు, గురువులూ పీఠాధిపతులూ కూడా ఫోన్లు ఎత్తుతుంటే తనకి చాలా బాధగా ఉందని, పూజ ప్రదర్శన కాదని.

గురువుగారి వైపు కూడా కారణాలు ఉన్నాయి. రెండో పూజకి జనం షామియానా దాటి రోడ్డు మీద నిలబడతారు, ఇచ్చేది ఒక్కరు. వెనకవాళ్ళు పీటకి తట్టుకుని పడితే ఎవరిది పూచీ అంటారు. అందరూ ఒకే భంగిమలో ఉంటే ఐక్యత కనిపిస్తుందంటారు. లైను గురించి అయితే నేను గడియారం పెట్టి చూశాను, పీట ఉన్న ఆఖరి ఆదివారం మోకరించింది పదకొండు మంది, అందరికీ కలిపి రెండు నిమిషాలు కూడా అదనంగా పట్టలేదు. పూజ చివర ప్రకటనలకి ఆరోజు పద్దెనిమిది నిమిషాలు పట్టింది.

పీట ఇప్పుడు జనరేటరు గదిలో, పాత క్రిస్మస్ పశువుల పాక బొమ్మల పక్కన ఉంది, నేను చూశాను, ఒక కాలు వదులైంది అంతే. నలుగురం కలిసి నిన్న గురువుగారికి ఒక కాగితం ఇచ్చాం, 91, 92, 93 అంశాలు తెలుగులో రాసి. చదువుతానన్నారు. ఆ అత్తగారు మాత్రం కాగితాలతో పని లేదంటున్నారు, ఈ ఆదివారం నేల మీదే మోకరిస్తారట, లేవడానికి కోడలు పక్కనే నిలబడుతుందట.