డార్విన్ నోట్‌బుక్‌లు: అపోహలు - వాస్తవాలు

నేను డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. పరిణామం పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ డార్విన్ గురించి అదే కథ వినిపిస్తుంది. ఓడెక్కాడు, దీవులకు వెళ్లాడు, పిట్టల ముక్కులు చూశాడు, సిద్ధాంతం తట్టేసింది. కానీ ఆ రోజుల్లో డార్విన్ ఏం చదివాడో, ఏం అనుకున్నాడో, ఎక్కడ తడబడ్డాడో అన్నీ తన చేతిరాతలోనే, బి, సి, డి అని అక్షరాలు పెట్టుకున్న నోట్‌బుక్‌లలో ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి నెట్‌లో ఉచితంగా పెట్టారు కూడా. అయినా కథ మారట్లేదు, అందుకే ఈ పోస్టు.

అపోహ: పసిఫిక్ సముద్రంలోని గాలపగోస్ దీవుల్లో ఫించ్ అనే చిన్న పిట్టల ముక్కులు చూడగానే విషయం అర్థమైపోయింది.

వాస్తవం: 1835 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో డార్విన్ అక్కడున్నది సుమారు ఐదు వారాలు. చాలా ఫించ్‌ల మీద ఏ దీవిలో పట్టిందో రాసుకోనే లేదు, కొన్నిటినైతే ఫించ్‌లని గుర్తుపట్టలేదు కూడా. 1837 జనవరిలో లండన్‌లో పక్షుల నిపుణుడు జాన్ గౌల్డ్ వాటిని పరిశీలించి ఇవన్నీ ఒకే గుంపుకు చెందిన వేర్వేరు కొత్త జాతులని చెప్పాకే డార్విన్ వాటి గురించి గట్టిగా ఆలోచించాడు, అప్పుడు దీవుల లెక్క తేల్చుకోవడానికి కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, ఓడలోని ఇతరులు దాచుకున్న పక్షుల్ని ఆశ్రయించాల్సి వచ్చింది. నిజానికి జాతులు మారతాయేమో అన్న అనుమానం డార్విన్‌లో రేపినవి మాకింగ్‌బర్డ్‌లు అనే వేరే పిట్టలు. వాటికి మాత్రం దీవి పేరు జాగ్రత్తగా రాశాడు. ఇక తాబేళ్ల సంగతంటారా, ఓడవాళ్లు వాటిని వండుకు తిని డిప్పలు పారేశారు! పాఠ్యపుస్తకాల్లో ఫించ్‌లకు ఇంత పేరు రావడానికి పెద్ద కారణం 1947లో పక్షి శాస్త్రవేత్త డేవిడ్ లాక్ వాటి మీద రాసిన పుస్తకం.

అపోహ: డార్విన్ 'ఐ థింక్' (నేననుకుంటాను) అని రాసి, జాతులు కొమ్మల్లా చీలినట్టు గీసిన ఆ ప్రసిద్ధ చెట్టు బొమ్మ పూర్తయిన సిద్ధాంతం.

వాస్తవం: అది నోట్‌బుక్ బి, 36వ పేజీ. 1837 జులైలో మొదలుపెట్టిన పుస్తకం. మొదటి పేజీలో తాతగారైన ఎరాస్మస్ డార్విన్ పుస్తకం పేరు 'జూనోమియా' అని రాసుకున్నాడు, అంటే తాత ఎక్కడ ఆపాడో మనవడు అక్కడ అందుకున్నట్టు. బొమ్మలో 1 అని గుర్తు పెట్టింది మూల పూర్వజీవి. కొన్ని కొమ్మల చివర చిన్న అడ్డగీతలుంటాయి, అవి ఇప్పుడు బతికున్న జాతులు. అడ్డగీత లేనివి అంతరించిపోయినవి. చాలామంది ఈ బొమ్మలో జాతులు పుట్టడాన్నే చూస్తారు గానీ, పక్కన రాసిన మాటలు చదివితే డార్విన్ బుర్ర తొలుస్తున్నది జాతులు చనిపోవడం అని తెలుస్తుంది. ఒక జాతి నుంచి ఇన్ని జాతులు చీలుతూ పోతే, మొత్తం సంఖ్య ఇప్పుడున్నంతే ఉండాలంటే కొన్ని పోవాల్సిందే కదా, అన్నది ఆ పేజీలోని వాదన. దానికి కొన్ని పేజీల ముందే, చెట్టు కన్నా పగడం అనడం మేలేమో, కింది కొమ్మలన్నీ చచ్చిపోయి ఉంటాయి కాబట్టి, అని కూడా రాసుకున్నాడు. నాకు ఆ నోట్‌బుక్ మొత్తంలో ఎంతో ఇష్టమైన చోటు అదే.

గమనించండి, అప్పటికి ప్రకృతి వరణం, అంటే పరిస్థితులకు సరిపడే తేడాలున్న జీవులే ఎక్కువగా మిగిలి పిల్లల్ని కంటాయన్న ఆలోచన, లేదు. జాతులు మారతాయన్న నమ్మకం కుదిరింది, ఎలా మారతాయో తెలియదు. మనిషికి ఉన్నట్టే జాతికీ ఒక ఆయుష్షు ఉంటుందేమో అని కూడా ఆ పుస్తకంలో ఊహించాడు. ఆ ఊహ తర్వాత వదిలేశాడు.

అపోహ: జనాభా పెరుగుదల మీద మాల్థస్ రాసిన పుస్తకం చదివాడు, సిద్ధాంతం దొరికింది.

వాస్తవం: 1838 సెప్టెంబరు 28 నాటి రాత నోట్‌బుక్ డిలో ఉంది, అది చాలా ముఖ్యమైన రోజే, కాదనను. అయితే జీవుల మధ్య పోరు ఉంటుందని డార్విన్‌కు ముందే తెలుసు, ఆ మాట వృక్షశాస్త్రవేత్త డి కాండోల్ అప్పటికే చెప్పి ఉన్నాడు. మాల్థస్ దగ్గర దొరికింది లెక్క: అడ్డు లేకపోతే జనాభా ఇరవై ఐదేళ్లలోపే రెట్టింపవుతుంది. అంత పెరుగుదల ఉన్నా సంఖ్య నిలకడగా ఉందంటే ఎంతమంది పోతున్నట్టు? ఈ లెక్క తగలడానికి, మేలైనవాటిని ఏరి పెంచే పశువుల, పావురాల పెంపకందారుల కరపత్రాలు చదివి ఉండటం కూడా కావాలి. చదవాల్సినవి, చదివినవి అని వేర్వేరుగా జాబితాలు పెట్టుకున్న మనిషి. లావు పుస్తకం చేత్తో పట్టుకోవడానికి బరువైతే మధ్యకు చీల్చేసేవాడు!

ఈ చదువు, వాకబు మన దాకా కూడా వచ్చాయి. 1859లో ఈ సిద్ధాంతాన్ని ప్రకటించిన 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' మొదటి అధ్యాయంలో పావురాల చర్మాలు పంపినందుకు భారతదేశంలోని ఎలియట్‌కు ధన్యవాదాలు కనిపిస్తాయి. ఆయనే వాల్టర్ ఎలియట్, 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి శిల్పాలను మద్రాసుకు తరలించిన అధికారి.

అపోహ: భయంతో సిద్ధాంతాన్ని ఇరవై ఏళ్లు దాచేశాడు.

వాస్తవం: టెన్షన్ ఉంది. 1844లో స్నేహితుడు, వృక్షశాస్త్రవేత్త హుకర్‌కు రాస్తూ, జాతులు మారతాయని చెప్పడం హత్య చేశానని ఒప్పుకున్నట్టుంది అన్నాడు. కానీ దాచిపెట్టినవాడు హుకర్‌కు చెప్పడు కదా. 1842లో పెన్సిల్‌తో చిన్న ముసాయిదా, 1844లో సుమారు 230 పేజీల వ్యాసం రాశాడు, తను చనిపోతే దాన్ని అచ్చు వేయించమని, అందుకు 400 పౌండ్లు ఖర్చుపెట్టమని భార్య ఎమ్మాకు ఉత్తరం కూడా రాసి పెట్టాడు. తర్వాత ఎనిమిదేళ్లు బార్నకిల్స్ (రాళ్లకు, ఓడలకు అంటుకుని బతికే చిన్న సముద్ర జీవులు) అధ్యయనం మీద కూర్చున్నాడు. జాతి అంటే ఏమిటో, ఒకే జాతిలో ఎంత తేడా ఉంటుందో ఒక్కో ప్రాణిని కోసి చూస్తూ తెలుసుకున్న ఏళ్లవి. వాటిని వృథా అనేవాళ్లతో నేను అస్సలు ఒప్పుకోను. 1858లో, అదే ఆలోచనకు విడిగా చేరుకున్న ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ నుంచి ఉత్తరం వచ్చేసరికి డార్విన్ పెద్ద పుస్తకం రాస్తూనే ఉన్నాడు.

అపోహ: ఆ నోట్‌బుక్‌లు పోయాయి.

వాస్తవం: బి, సి రెండూ కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ లైబ్రరీలో 2001 నుంచి కనిపించకుండా పోయిన మాట నిజం. 2022 మార్చిలో ఎవరో గులాబీ రంగు గిఫ్ట్ బ్యాగులో పెట్టి లైబ్రరీలోనే వదిలి వెళ్లారు. రెండూ బాగానే ఉన్నాయి. చదవాలనుకునేవాళ్లు బి 36వ పేజీతో మొదలుపెట్టి అక్కడి నుంచి వెనక్కి వెళ్లండి. చేతిరాత గజిబిజిగా ఉంటుంది గానీ టైపు చేసిన పాఠం కూడా దొరుకుతుంది. మధ్యలో పేజీలు లేవని కంగారుపడకండి, 1856లో పనికొచ్చే పేజీల్ని డార్వినే కత్తిరించి తన ఫైళ్లలో సర్దుకున్నాడు, వాటిలో చాలావరకు తర్వాత దొరికాయి.